అంగవికలురకు భరణమా, భాగమా?

భరణము వేరు, భాగము వేరు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టి, చలికి దుప్పటి కప్పి, ఇంటి మూల ఇంత చోటు చూపుట భరణము. ఇంటి ఆస్తిలో, విద్యలో, వృత్తిలో, పూజలో, సభలో తోడివారితో సమముగా అతనికి చెందవలసినదానిని చెందనిచ్చుట భాగము. అంగవికలుర యెడ మానవ సమాజములు నడచిన తీరును ఈ రెండు మాటలతో పరీక్షింపవచ్చును. కొన్ని సమాజములు వారికి భరణమును సయితము ఈయలేదు. పెక్కు సమాజములు భరణమిచ్చి భాగమును నిరాకరించినవి. భాగమీయవలెనను తలంపు శాసనరూపము దాల్చి ఇంకను నూరేండ్లు పూర్తి కాలేదు. అయినను ఆ తలంపునకు మూలమగు ధర్మసూత్రము పన్నెండవ శతాబ్దియందే కల్యాణ నగరమున ఆచరణలో పెట్టబడినది. ఈ సంగతిని వీరశైవ కుటుంబములు, మఠములు గుర్తెరుగుట అవసరము.

ప్రాచీన సమాజముల తీరు

గ్రీసు దేశమందలి స్పార్టా నగరమున శిశువు పుట్టగానే పెద్దలు పరీక్షించి, దుర్బలముగనో వికృతముగనో తోచిన శిశువును కొండ చరియన విడిచిపెట్టించిరని ప్లూటార్కు అను చరిత్రకారుడు వ్రాసెను. యుద్ధమునకు పనికిరానివాడు బ్రదుకునకే పనికిరాడని వారి భావము.

భారతదేశమున కౌటిల్యుని అర్థశాస్త్రము ఇంతకంటె దయతో కూడినది. బాలురను, వృద్ధులను, వ్యాధిపీడితులను, దిక్కులేనివారిని రాజు పోషింపవలెనని అది విధించినది. అంగలోపమునుబట్టి ఒకనిని వెక్కిరించినచో జరిమానా కలదు. గ్రుడ్డివానిని చూచి కన్నులు చక్కనివని ఎత్తిపొడిచినను శిక్ష తప్పదు. రెండువేల యేండ్లకు పూర్వమే పరిహాసమును నేరముగా ఎంచుట గొప్ప సంగతి. అయితే ఆ గ్రంథమే గూనివారిని, మరుగుజ్జులను, చెవిటి, మూగ, అంధ వేషధారులను గూఢచారులుగా వాడుకొనవచ్చునని కూడ చెప్పినది. ఎవరును లెక్కపెట్టని మనుష్యుల యెదుట రహస్యములు దాచువారుండరు గదా!

మహాభారతమున ధృతరాష్ట్రుడు పుట్టంధుడగుటచే పెద్దవాడయ్యును సింహాసనమునకు అనర్హుడయ్యెను. పాండురాజు అడవులకేగిన పిమ్మట రాజ్యభారము మరల ఆ అంధునిపైననే పడినది. ఆయన పాలనను చెరచినది కన్నులు లేకపోవుట కాదు, పుత్రవ్యామోహము. కన్నులున్న దుర్యోధనుడు అంతకంటె చక్కగా చూచినదియు లేదు. ఎనిమిది వంకరల దేహము గల అష్టావక్రుడు జనకుని సభలో వందిని వాదమున జయించిన కథయు భారతముననే కలదు. అవయవలోపము వేరు, అనర్హత వేరని ఈ కథలు బోధించుచున్నవి. కాని వ్యవహారమున ఈ వివేకము చిరకాలము నిలువలేదు.

కల్యాణమున వెలసిన స్మృతివ్యాఖ్య

యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన వ్యాఖ్య మితాక్షర. పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు (1076–1126) రాజ్యమేలుచుండగా కల్యాణ నగరమున ఈ గ్రంథము వెలసినది. బెంగాలు, అస్సాము సీమలను విడిచి దేశమందలి చాల భాగమున హిందువుల దాయభాగ వ్యవహారమునకు ఇదియే ప్రమాణమైనది. తెలుగువారికి ఇది పరాయి గ్రంథము కాదు. పదమూడవ శతాబ్దియందే మూలఘటిక కేతన దీనిని విజ్ఞానేశ్వరీయము అను పేర తెనిగించెను.

ఆ స్మృతి చెప్పు విధానమిది: కుంటివాడు, అంధుడు, ఉన్మత్తుడు, జడుడు, మానని వ్యాధిచే పీడితుడు మొదలగువారు పిత్రార్జితమున భాగమునకు అర్హులు కారు, వారిని పోషింపవలెను. వారి కుమారులు నిర్దోషులైనచో భాగము పొందుదురు. కుమార్తెలను వివాహమగువరకు పోషింపవలెను. విభాగము జరిగిన పిమ్మట ఒకనికి లోపము కలిగినచో అతని భాగమును తిరిగి తీసికొనరాదనియు, ఔషధాదులచే లోపము తొలగినచో భాగమీయవలెననియు మితాక్షర వివరించినది.

ఈ విధానమున కరుణ లేదనుట న్యాయము కాదు. అన్నము మాన్పుమని అది ఎచ్చటను చెప్పలేదు. కాని అన్నము పెట్టువాడు ఒకడు, తినువాడు ఒకడు అను భేదమును శాశ్వతము చేసినది. భాగము గలవాడు ఇంట యజమాని. భరణము పొందువాడు అదే యింట పుట్టియు ఆశ్రితుడు. అన్న మంచివాడైనచో అన్నము దొరకును, వదినె విసుగుకొన్నచో అదియు కరవగును. హక్కు లేనివాని బ్రదుకు ఎదుటివాని మనస్సుపై ఆధారపడును.

ఈ నిరాకరణకు వెనుక యజ్ఞాధికార చర్చ యొకటి కలదు. జైమిని మీమాంసాసూత్రములలో ఆరవ అధ్యాయము అధికారమును గూర్చినది. అంగవైకల్యము గలవానికి వైదిక కర్మమున అధికారము కలదా లేదా యని అందు విచారణ జరిగినది. దేవుని యెదుట నిలుచు అర్హత దేహపు పొందికపై ఆధారపడినచో, మనుష్యుల యెదుట నిలుచు అర్హత కూడ దానిపైననే ఆధారపడుట వింత కాదు.

అదే కల్యాణమున ఇష్టలింగము

విక్రమాదిత్యుడు గతించిన పిదప నలుబదియేండ్లు పూర్తి కాకమునుపే అదే కల్యాణమున కలచుర్య బిజ్జలుని కాలమున బసవేశ్వరుడు భండారియై యుండెను. ఒకే నగరమున మనుష్యుని అధికారమును గూర్చిన రెండు భావములు ఒకదాని వెంట నొకటి పుట్టినవి. కేతన మితాక్షరను తెనిగించిన పదమూడవ శతాబ్దిలోనే పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదగా రచించెనని పలువురు పండితుల నిర్ణయము. కావున ఈ రెండు భావములును తెలుగునాటికి జంటగానే వచ్చినవి.

బసవేశ్వరుడు దేహమునే దేవాలయముగా దర్శించెను. రాతి గుడి కట్టలేని పేదవాని దేహమే గుడి యైనప్పుడు, ఆ గుడికి ఒక స్తంభము తక్కువైనంతమాత్రమున లోనున్న లింగమునకు కొరతయేమి? ఇష్టలింగధారణమునకు కన్ను, కాలు, చెవి యను పరీక్ష లేదు. గర్భిణికి ఎనిమిదవ మాసమున గర్భస్థ శిశువు నిమిత్తము లింగధారణ సంస్కారము జరుపు సంప్రదాయము వీరశైవులలో కలదు. శిశువునకు కన్నులున్నవో లేవో, కాళ్లు నిలుచునో నిలువవో తల్లికి సయితము తెలియక మునుపే లింగము వచ్చి చేరినదన్నమాట! గురువు, లింగము, జంగమము, విభూతి, రుద్రాక్ష, మంత్రము, పాదోదకము, ప్రసాదము అను అష్టావరణములలో ఏ ఒక్కదానికిని అవయవ సంపూర్తి నియమము కాదు. చూడలేనివాడు కరస్థలమున లింగమును స్పర్శతో ధ్యానించును. పలుకలేనివాడు మంత్రమును మనస్సున జపించును.

అంతటితో ఆగక బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును జంటగా బోధించెను. అన్నము పెట్టుట మాత్రమే ధర్మమైనచో దాసోహమొక్కటి చాలును. ప్రతి శరణుడును కాయకము చేయవలెననుటచే, ప్రతి శరణునకును కాయకము చేయు అవకాశము కల్పించు బాధ్యత సంఘముపై పడుచున్నది. పని చేయు మార్గము మూసివైచి అన్నము మాత్రము పెట్టుట కాయకధర్మమున సగము కూడ కాదు.

దండి పట్టుకొన్న త్రాడు

వీరశైవులు పూజించు అరువదిమువ్వురు పురాతనులలో దండి యొకడు. తమిళదేశమున తిరువారూరు ఆయన నివాసము, పుట్టంధుడు. ఆలయము చెంతనున్న కోనేరు పూడిపోవుచుండగా దానిని త్రవ్వి విశాలము చేయ సంకల్పించెను. త్రవ్వు చోట ఒక గుంజ, గట్టుపై ఒక గుంజ పాతి, రెంటి నడుమ త్రాడు కట్టి, ఆ త్రాడును తడవుకొనుచు తట్టలతో మట్టి మోసి పోయుచుండెను. గిట్టనివారు కొందరు ఆయనను గేలిచేసి, త్రాడును, పలుగును లాగివైచిరని పెరియపురాణము చెప్పుచున్నది.

ఈ కథ చివర శివానుగ్రహమున దండికి చూపు వచ్చును, గేలిచేసినవారికి చూపు పోవును. భక్తులు సాధారణముగా ఈ మహిమనే చెప్పుకొందురు. కాని కథలోని మొదటి భాగమే నేటి సమాజమునకు ముఖ్యమైన పాఠము. దండికి పని చేయు బలము కలదు, బుద్ధి కలదు, భక్తి కలదు. ఆయనకు కావలసినది ఒక్క త్రాడు. త్రాడున్నంతవరకు పని సాగినది, త్రాడు తీయగానే ఆగినది. పని ఆగుటకు కారణము ఆయన కన్నులు కావు, త్రాడు లాగిన చేతులు.

1824లో ఫ్రాన్సు దేశమున లూయీ బ్రెయిల్ అను పదునైదేండ్ల అంధబాలుడు ఆరు చుక్కల లిపిని కనిపెట్టెను. అదియును ఇట్టి త్రాడే. భారతీయ భాషలన్నింటికి ఏకరూపమగు భారతి బ్రెయిల్ 1951లో అమలునకు వచ్చినది. తెలుగు అక్షరములును వ్రేళ్లకు అందినవి. మెట్ల ప్రక్కన కట్టిన వాలుబాట, చెవిటివారి సంజ్ఞాభాష, మూడు చక్రముల బండి, మాటలు చదివి వినిపించు కంప్యూటరు ఇవన్నియు నేటి త్రాళ్లు.

శిక్షయను భ్రమ, పాపమను మాట

అంధత్వమును శిక్షగా భావించుట పూర్వమునుండి వచ్చిన అలవాటు. రాజులు దానిని నిజముగనే శిక్షగా విధించిరి. అల్లయ్య, మధువయ్య అను శరణుల కన్నులను బిజ్జలుడు తీయించెనని బసవపురాణమున కలదు. ఆ శరణులు చూపు పోగొట్టుకొన్నది పాపము చేసి కాదు. కన్ను లేకపోవుట పాపఫలమే యైనచో, ఆ ఇద్దరి యందును పాపమును వెదకవలసివచ్చును. అందుకు ఏ శరణుడును ఒప్పుకొనడు.

బిడ్డ లోపముతో పుట్టినచో తల్లినే మొదట నిందింతురు. ఏ జన్మలో ఏమి చేసినదో యను మాట ఇరుగుపొరుగున వినబడును. దీక్ష పొందిన భక్తుని పూర్వాశ్రయమును, పూర్వకులమును అడుగరాదని వీరశైవధర్మము. కంటికి కనబడు నిన్నటి కులమునే అడుగరాదన్నప్పుడు, ఎవరును కనని పూర్వజన్మ పాపమును ఒక శిశువు కాలిలో వెదకుట ఏ న్యాయము? మేనరికములు, పోలియో, ప్రసవవేళ ఆలస్యము, పోషకాహారలోపము, ప్రమాదములు మొదలగు కారణములను వైద్యులు చెప్పుచున్నారు. పోలియో చుక్కల వలన ఈ దేశమున 2011 జనవరి తరువాత సహజ పోలియో సోకిన బిడ్డ లేదు. 2014 మార్చిలో పోలియో రహితదేశముగా గుర్తింపు లభించినది. పూర్వజన్మ పాపమే కారణమైనచో రెండు చుక్కల మందుతో అది తొలగునా?

విజ్ఞానము పెరిగినంతమాత్రమున దయ పెరుగుననుకొనుటయు పొరపాటే. హిట్లరు పాలనలో జర్మనీ ప్రభుత్వము 1939లో మొదలుపెట్టి 1941 ఆగస్టు లోపల 70,000 మందికి పైగా మనోవైకల్యము, అంగవైకల్యము గలవారిని ఆస్పత్రులలోనే చంపించినది. ఆ పని వైద్యుల చేతులమీదుగనే జరిగినది. మనుష్యుని విలువను అతని ఉపయోగమునుబట్టి కొలుచు సమాజము ఎంత విద్యగలదైనను స్పార్టా వద్దకే తిరిగి చేరునని దీనివలన తెలియుచున్నది.

మెదక్ సీమకు చేరువన

స్మృతి చెప్పిన మానని వ్యాధులలో ప్రజలు అన్నింటికంటె భయపడినది కుష్ఠు. వ్రేళ్లు మొద్దుబారి, అవయవములు వంకరపోవు ఈ వ్యాధి సోకినవారిని ఊరి వెలుపలకు పంపివేసిరి. 1898 నాటి కుష్ఠురోగుల చట్టము రోగులను వేరుచేసి ఉంచుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చినది.

మెదక్‌నకు ఉత్తరముననున్న నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915 ప్రాంతమున ఇసబెల్ కెర్ అను స్కాట్లండు దేశపు వైద్యురాలు, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగుల ఆస్పత్రిని నెలకొల్పిరి. ఇందుకు నిజామాబాదు వాసి రాజా నర్సాగౌడ్ ధనసహాయము చేసెను. మిషనరీ వైద్యురాలి శ్రమ, తెలుగు దాత ధనము ఒకచోట కలిసినవి. ఆ కాలపు చికిత్స చాల్మూగ్రా జాతి గింజల నూనెతో జరిగినది. ఈ జాతి గింజలనే సుశ్రుతుడు తువరకములని పేర్కొని కుష్ఠునకు ఔషధముగా చెప్పియుండెను. పిమ్మట 1958లో రాణీ కుముదినీ దేవి హైదరాబాదు చెంత కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రమును స్థాపించెను. వెలివేయబడిన మనుష్యునకు చికిత్సతోపాటు తిరిగి బ్రదుకుదారి చూపుట దాని ఉద్దేశము.

1980 దశకమున బహుళ ఔషధ చికిత్స వచ్చి కుష్ఠు పూర్తిగా నయమగు వ్యాధియైనది. అయినను శాసనములలోని వెలి వెంటనే పోలేదు. 1898 నాటి చట్టము 2016లో రద్దయినది. భార్యకుగాని భర్తకుగాని కుష్ఠు కలదను కారణమున విడాకులు కోరు నియమము 2019 వరకు నిలిచియుండెను. మందు వచ్చిన మూడు దశాబ్దములకు పైగా మనస్సునకు చికిత్స జరుగలేదు.

గదగ్ పుణ్యాశ్రమము

వీరశైవ మఠసంప్రదాయము అంగవికలురకు భాగమిచ్చినదనుటకు కన్నడసీమ యందలి గదగ్ వీరేశ్వర పుణ్యాశ్రమము చక్కని నిదర్శనము. పంచాక్షర గవాయి (1892–1944) పుట్టంధుడు. హానగల్ కుమారస్వామి ఆయన యందలి గానశక్తిని గుర్తించి సంగీతవిద్య చెప్పించెను. పంచాక్షర గవాయి హిందూస్థానీ, కర్ణాటక పద్ధతులు రెంటియందును పండితుడయ్యెను. ఆయన శిష్యుడు పుట్టరాజ గవాయి (1914–2010) కూడ శైశవముననే చూపు కోల్పోయినవాడు. గురువు అనంతరము ఆశ్రమభారము వహించి, వందలకొలది అంధ విద్యార్థులకు సంగీతము నేర్పించెను. 2010లో ప్రభుత్వము ఆయనను పద్మభూషణ బిరుదముతో గౌరవించినది.

ఈ ఆశ్రమమున అన్నము, వసతి కలవు; అది భరణము. విద్య కలదు, అది కాయకమునకు దారి. అంధుడు గురుపీఠమున కూర్చుండెను. చూపున్న బసవరాజ రాజగురువంటి గాయకులు పంచాక్షర గవాయి పాదములచెంత నేర్చుకొనిరి. అది భాగము. తెలుగునాట ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) దృష్టిమాంద్యముచే బడి చదువు సాగక వాయులీనమును చేపట్టి, 1936లో విజయనగరము సంగీత కళాశాలకు అధ్యక్షుడయ్యెను.

అయితే అంధుడనగానే పాటయొక్కటే దారియని తలచుటయు తగదు. అందరు అంధులకు గాత్రము ఉండదు, చూపున్నవారికందరికిని లేనట్లే. నేడు బ్యాంకులలో, పాఠశాలలలో, న్యాయస్థానములలో అంధులు పనిచేయుచున్నారు.

శాసనములు వచ్చిన క్రమము

బ్రిటిషు ఇండియాలో 1928 నాటి చట్టము మితాక్షర నిషేధమును చాలవరకు తొలగించినది. పుట్టుకతో ఉన్మాదము, బుద్ధిమాంద్యము గలవారిని మాత్రము అప్పుడును వెలుపలనే ఉంచినది. మెదక్ నాడు నిజాము రాజ్యములోనిది గావున ఆ శాసనము స్వతహాగా ఇచ్చటికి వర్తింపలేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము రెండవ విభాగమున వీరశైవులను, లింగాయతులను పేరుపెట్టి చెప్పి తన పరిధిలో చేర్చినది. ఇరువదియెనిమిదవ విభాగమున వ్యాధిగాని, లోపముగాని, అంగవికృతిగాని కారణముగా ఎవరును వారసత్వమునకు అనర్హులు కారని స్పష్టము చేసినది.

1984లో బుద్ధిమాంద్యము గలవారికై జాతీయసంస్థ సికింద్రాబాదున ఏర్పడినది. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తించి ఉద్యోగములలో 3 శాతము కేటాయించినది. 2016 నాటి హక్కుల చట్టము వాటిని ఇరువదియొకటికి పెంచి, కేటాయింపును 4 శాతము చేసినది. కుష్ఠు నయమైనవారును అందు కలరు. ఆస్తిని కలిగియుండుటకు, వారసత్వముగా పొందుటకు, తన ధనమును తానే నిర్వహించుకొనుటకు హక్కును పదమూడవ విభాగము చెప్పినది. నలుగురిలో బుద్ధిపూర్వకముగా అవమానించినచో కారాగార శిక్షయు కలదు. కౌటిల్యుని జరిమానాకు ఇది దూరపు వారసురాలు. 2011 జనగణనము ప్రకారము దేశమున 2 కోట్ల 68 లక్షల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 22 లక్షలకు పైగా అంగవికలురు కలరు.

గృహములకు, మఠములకు కర్తవ్యము

శాసనము మారినను వాడుక పూర్తిగా మారలేదు. అన్నదమ్ములు భూమి పంచుకొను వేళ మాటరాని తమ్ముని చేత వ్రేలిముద్ర వేయించి, ‘వాని అన్నము మేము చూచుకొందుము’ అనుట పల్లెలలో నేటికిని లేకపోలేదు. అది ప్రేమతో పలికిన మాటయే కావచ్చును. కాని అది మితాక్షర మాట, బసవన్న మాట కాదు. తెలంగాణమున ఆసరా పింఛను 2014లో 1,500 రూపాయలుగా మొదలై 2019లో 3,016 రూపాయలు, 2023లో 4,016 రూపాయలు అయినది. అది ఆ వ్యక్తి చేతికే చేరవలెను. ప్రభుత్వమిచ్చు పింఛను భరణమునకు తోడగును గాని భాగమునకు బదులు కాదు.

కావున ఇంటివారు చేయదగిన పనులు కొన్ని కలవు. ఆస్తి పత్రములలో ఆ బిడ్డ పేరును తప్పక చేర్పింపవలెను. వైకల్య ధ్రువపత్రమును సకాలమున తీసికొనవలెను. బడి ఈడు రాగానే బడికి పంపవలెను. పెండ్లిచూపుల నాడు ఆ బిడ్డను లోపలి గదిలో దాచుట మానవలెను. కుంటి, గ్రుడ్డి యను మాటలను పేర్లకు ముందు తగిలించి పిలుచుట మానవలెను.

మఠములు తమ ద్వారముల మెట్ల ప్రక్కన వాలుబాట నిర్మింపవలెను. లింగదీక్షయందు, శివానుభవ గోష్ఠియందు, దాసోహపు పంక్తియందు వారిని చివరి వరుసకు నెట్టరాదు. దాసోహమున వడ్డించుకొనువారుగా మాత్రమే గాక, వడ్డించువారుగా, లెక్కలు వ్రాయువారుగా, పాఠము చెప్పువారుగా వారికి కాయకము కల్పింపవలెను. కల్యాణము మెదక్ సీమకు దూరము కాదు. 2016 వరకు మెదక్ జిల్లాలోనే యుండిన జహీరాబాదు దాటిన చాలు, బీదరు జిల్లా, అందు బసవకల్యాణము. అచ్చట వెలసిన రెండు ధర్మములలో ఏ ధర్మము ఏ యింట నడచుచున్నదో ఆ యింటివారే విచారించుకొనవలెను.

మననమునకు ప్రశ్నలు

1. భరణమునకు, భాగమునకు గల భేదమేమి? కుటుంబ జీవితమునుండి ఒక్కొక్క ఉదాహరణ చెప్పుడు.

2. మితాక్షర విధించిన నియమమున కరుణయేది, లోపమేది?

3. దండి పని ఆగుటకు నిజమైన కారణమేమి? మీ ఊరిలోని బడికి, మఠమునకు ఏ త్రాడు అవసరము?

4. పూర్వాశ్రయమును అడుగరాదను నియమము అంగవికలుర విషయమున ఎట్లు వర్తించును?

5. మీ బంధువర్గమున వైకల్యము గలవారి పేరు ఆస్తి పత్రములలో కలదా? లేనిచో కారణమేమి?